సాంబమూర్తిగారికి గుండె లేదట!

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలన్నారు. నోటికీ ఆస్పత్రికీ ఉన్న సంబంధం గురించి మాత్రం ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళ కాలంలో ఆస్పత్రులకి చెవులుండేవి కావు.

భ్రమరాంబగారు మాట్లాడితే సామెత, మాట్లాడకపోతే నిట్టూర్పు. మామూలు వాక్యం ఆవిడ నోట్లోంచి వచ్చినట్టు చూసినవాళ్ళు లేరు. కూరలో ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే "తగ్గిన ఉప్పు వేసుకోవచ్చు, ఎక్కువైన నోటికేం వేస్తాం" అనే రకం. బీయేలో తెలుగు చదివిన పుణ్యం కొంత, అత్తగారితో పదిహేడేళ్ళు ఒకే వంటింట్లో నెగ్గుకొచ్చిన అనుభవం కొంత. ముప్పై నాలుగేళ్ళుగా ఈ ప్రవాహానికి ఎదురుగా నిలబడి చెక్కు చెదరని మనిషి ఆవిడ భర్త సాంబమూర్తిగారు. గోదావరి కాలవ మీద లాకు సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. నీళ్ళని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తలుపులెత్తి వదిలెయ్యాలో ఉద్యోగం నేర్పింది. ఇంట్లో ఎక్కువగా వదిలేస్తూనే వచ్చారు.

అలాంటి సాంబమూర్తిగారికి సోమవారం పొద్దున్న కూరల సంచీతో మెట్లెక్కుతుంటే ఛాతీ మీద ఎవరో మోకాలేసి కూర్చున్నట్టయింది. జిల్లా కేంద్రంలో ఉన్న పెద్ద గుండె ఆస్పత్రిలో చేర్చారు. మంగళవారం యాంజియోగ్రాం తీశారు. డాక్టర్ ఫణీంద్ర కుర్రవాడే గానీ, కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే ఇతన్నే ముందు మంచమెక్కించాలనిపిస్తుంది. తెర మీద వేలు పెట్టి చూపించి చెప్పాడు.

"ఈ రక్తనాళం తొంభై శాతం మూసుకుపోయిందమ్మా. గురువారం పదింటికి స్టెంట్ వేసేస్తాను. చిన్న పనే, కానీ వాయిదా వెయ్యకూడదు. మిగతా పదీ మూసుకుపోయాక నేను చెయ్యడానికేం ఉండదు."

ఆ చివరి మాట భ్రమరాంబగారి చెవుల్లో గూడు కట్టుకుంది.

చెవులంటే గుర్తొచ్చింది. ఆ ఆస్పత్రిలో ప్రతి మంచం దగ్గరా గోడకి సబ్బుపెట్టెంత తెల్లటి పెట్టె ఒకటుంది. మధ్యలో పచ్చదీపం. దాని అసలు పేరు 'సమగ్ర హృద్రోగి సమాచార నిర్వహణ వ్యవస్థ'. ఆ పేరు పలికేలోపు రోగులకి ఆయాసమొస్తోందని సిబ్బంది దాన్ని 'చెవి' అంటున్నారు. ఇదివరకు రోగి సమాచారమంతా డాక్టర్ల చేతిరాతలో ఉండేదట. దాన్ని మందులషాపువాళ్ళు తప్ప చదవగలిగినవాళ్ళు లేరట. అందుకని పై అధికారులు ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఏడాదిపాటు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఒక సత్యం కనిపెట్టింది. డాక్టరు అడిగినప్పుడు రోగి బంధువులు చెప్పేది సగం అబద్ధం. అడగనప్పుడు వాళ్ళలో వాళ్ళు అనుకునేదే నిజం. కాబట్టి మంచం దగ్గర ఎవరు ఏమన్నా చెవి వింటుంది. అందులో అవయవం పేరు దొరికితే చాలు, తీసి దస్త్రంలో పెడుతుంది. వైద్యం దస్త్రాన్ని బట్టి జరుగుతుంది. కారిడార్ పొడుగునా రంగుల పటాలు వేలాడుతున్నాయి: 'మీ మాటే మీ రోగ చరిత్ర!'

ఇదంతా భ్రమరాంబగారికి ఎవరూ చెప్పలేదు. గోడకి పచ్చదీపం వెలుగుతుంటే దోమల మందు పెట్టె అనుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం సిస్టర్ ఎస్తేరు బీపీ చూడ్డానికొచ్చింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, చేతులు మెత్తన, మాట ఇంకా మెత్తన.

"బాబుగారూ, ఉప్పూ పచ్చళ్ళూ మానేశారు కదండీ?"

"ఎప్పుడో మానేశాను" అన్నారు సాంబమూర్తిగారు, సాక్షాత్తూ హరిశ్చంద్రుడి మొహంతో.

భ్రమరాంబగారు బత్తాయి ఒలుస్తూ చప్పున తలెత్తారు. "ఆయన మాట నమ్మకు తల్లీ! గుండెలు తీసిన బంటు ఈయన! నా నెత్తిన చెయ్యి పెట్టి మానేశానన్నారు. మర్నాడే పెరట్లో పంపు చాటున మాగాయ టెంక చీకుతూ దొరికారు."

ఎస్తేరు నవ్వబోయి, గోడవైపు చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.

పచ్చదీపం మూడుసార్లు మిణికింది. పెట్టెలోంచి తేనె పూసిన ఆడగొంతు వినిపించింది.

"ధన్యవాదాలు. నమోదైంది."

"ఏం నమోదైంది?" అన్నారు భ్రమరాంబగారు.

"ఏమోనమ్మా" అంది ఎస్తేరు. "మాగాయ అయితే బాగుణ్ణు."

*

గురువారం పదయింది. స్ట్రెచర్ రాలేదు. పదింబావు అయింది. సాంబమూర్తిగారు పచ్చ గౌను తొడుక్కుని, పెళ్ళిపీటల మీద వరుడిలా కదలకుండా కూర్చున్నారు. పదిన్నరకి ఎస్తేరు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. దాన్ని పట్టుకున్న తీరు చూస్తేనే అది మంచి కాగితం కాదని తెలుస్తోంది.

"అమ్మా, కోప్పడకండి. మీవారికి గుండె లేదంట."

"ఏం లేదంట?"

"గుండె. తీసేశారంట. నిన్న మీరే చెప్పారంట."

భ్రమరాంబగారు కాగితం లాక్కుని చదివారు. అచ్చుతప్పులు కూడా లేకుండా చక్కగా ఉంది.

'రోగి: సాంబమూర్తి. వృత్తి: బంటు (సైనికుడు). పూర్వ శస్త్రచికిత్సలు: గుండెల తొలగింపు. తొలగించిన గుండెలు: ఒకటి కంటే ఎక్కువ. ఆధారం: భార్య సహజ వాక్కు. నిర్ణయం: గుండె లేనందున హృద్రోగ విభాగంలో ఉండుటకు అనర్హుడు. స్టెంట్ రద్దు.'

"ఓసి దీని దుంపతెగ!" అన్నారు భ్రమరాంబగారు.

దుంప అవయవం కాదు కాబట్టి చెవి పట్టించుకోలేదు.

"మీరే నయం అమ్మా" అంది ఎస్తేరు గొంతు తగ్గించి. "మొన్న ఒకావిడ తమ్ముడికి ఇడ్లీలు తెచ్చి, వాణ్ణలా చూస్తుంటే నా గుండె చెరువైపోతోందని ఏడిచింది. ఆవిడ గుండెలో నీరు చేరిందని చెవి రాసేసింది. ఆవిడ రోగే కాదు, ఇడ్లీలు తెచ్చిన మనిషి. ఇప్పుడు పదకొండో నంబరు మంచం మీదుంది. తమ్ముడు డిశ్చార్జై ఆవిడకి ఇడ్లీలు తెస్తున్నాడు. గుండె రాయి చేసుకున్నానన్న పెద్దాయన్ని కిడ్నీ రాళ్ళ వాళ్ళకి పంపించారు. వాళ్ళు ఇంకా వెతుకుతున్నారు."

డాక్టర్ ఫణీంద్ర పరుగున వచ్చాడు. కాగితం చదివాడు. స్టెతస్కోపు తీసి సాంబమూర్తిగారి ఛాతీ మీద పెట్టాడు. రెండు నిమిషాలు విన్నాడు.

"కొట్టుకుంటోంది" అన్నాడు.

"మరింకేం నాయనా, తీసుకెళ్ళు!"

"స్టెంట్ వేసే క్యాత్ ల్యాబ్ తలుపు నా మాటకి తెరుచుకోదమ్మా. రోగి నంబరు కొడితే తెరుచుకుంటుంది. మీవారి నంబరు కొడితే 'గుండె లేదు, క్షమించండి' అంటోంది. మీరు వెంటనే మూడో అంతస్తులో సమాచారాధికారిని కలవండి. నేను ఇటునుంచి ఫోన్లు చేస్తాను. ఈలోపు ఈయన్ని లేవనివ్వకండి, నవ్వనివ్వకండి, ఏడవనివ్వకండి."

"ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటాను డాక్టరుగారూ?" అడిగారు సాంబమూర్తిగారు.

"గుండె లేనివాడిలా ఉండండి" అన్నాడు ఫణీంద్ర, లిఫ్టువైపు పరిగెడుతూ.

*

సమాచారాధికారి పేరు దక్షిణామూర్తి. మౌనంగా ఉపదేశం చేసిన దేవుడి పేరు పెట్టిన తల్లిదండ్రులకి పిల్లవాడు పెద్దయ్యాక ఏమవుతాడో తెలియలేదు. గది నిండా తెరలు, తెరల నిండా గుండె బొమ్మలు. బల్ల మీద ఒక చెవి, మిగతావాటికంటే కాస్త పెద్దది.

"రండమ్మా, ఆసీనులు కండి. మీ సమస్యను సమస్యగా కాక, సమాచారంగా పరిశీలిద్దాం."

"బాబూ, మా ఆయనకి గుండె ఉంది."

"అది తమ అభిప్రాయం."

"అభిప్రాయమేంటి నాయనా! డాక్టరుగారు ఇప్పుడే విన్నారు, కొట్టుకుంటోంది. ఈసీజీ కూడా తీశారు."

"ఈసీజీ కొట్టుకోవడాన్ని చూపిస్తుంది. ఏం కొట్టుకుంటోందో చూపించదు."

"యాంజియోగ్రాంలో నా కళ్ళతో నేను చూశాను. ఇక్కడ మూసుకుపోయిందని వేలు పెట్టి చూపించారు."

"రక్తనాళాలున్నాయని మేమూ కాదనడం లేదమ్మా. దారులుంటాయి. దారి చివర ఊరుండి తీరాలని నియమమేమీ లేదు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "దస్త్రంలో లేనిది ఒంట్లో ఉండకూడదు. ఒకవేళ ఉన్నదనుకుందాం. అది అనధికార గుండె అవుతుంది. దాన్ని మేము గుర్తించామంటే, తొలగించమని నోటీసు ఇవ్వవలసి వస్తుంది. మీ మేలు కోరి గుర్తించడం లేదు."

భ్రమరాంబగారికి ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి మాట పడిపోయింది. కాసేపటికి మళ్ళీ లేచింది.

"అయ్యా, గుండెలు తీసిన బంటు అంటే మొండిఘటం అని. ఆ మాత్రం తెలుగు రాదా మీకు?"

"వ్యవస్థకు తెలుగు సంపూర్ణంగా వచ్చు. ప్రతి పదానికీ అర్థం తెలుసు. గుండెలు, బహువచనం. తీసిన, భూతకాలం. బంటు, అనగా భటుడు. ఇందులో సందేహానికి తావేదీ? మాజీ సైనికులకు వేరే ఆస్పత్రి కూడా ఉంది. అక్కడికి పంపుదామంటే ఏ యుద్ధంలో తీశారో, మొత్తం ఎన్ని ఉండేవో మీరు తెలియజేయలేదు."

"తప్పైపోయింది బాబూ. ఏదో మాటవరసకి నోరు జారాను. కొట్టెయ్యండి దాన్ని."

బల్ల మీద చెవి మిణికింది. "ధన్యవాదాలు. నమోదైంది." పక్కనున్న యంత్రం కిర్రుమంటూ చీటీ కక్కింది. దక్షిణామూర్తిగారు దాన్ని చింపి భక్తిగా అందించారు.

'జారిన నోరు. దవడల విభాగం, రెండో అంతస్తు. టోకెన్ నలభై ఆరు.'

"వెళ్ళేటప్పుడు చూపించుకుని వెళ్ళండి, అశ్రద్ధ చెయ్యకూడదు. ఇక కొట్టివేతల సంగతి. మా వ్యవస్థలో కొట్టివేత లేదు, చేర్పు మాత్రమే ఉంది. కొట్టివేతలు మొదలుపెడితే పాత దస్త్రాల గతే దీనికీ పడుతుంది. పైగా మొదట మీరన్నది సహజ వాక్కు. ఇప్పుడంటున్నది భయ వాక్కు. సంఘం నివేదిక ప్రకారం సహజ వాక్కుకే విలువ."

"మరి మా ఆయన గతి?"

దక్షిణామూర్తిగారు సొరుగులోంచి ఒక ఫారం తీశారు. 'హృదయ ఉనికి ధ్రువీకరణ కొరకు దరఖాస్తు'.

"దీన్ని నింపండి. రోగి గుండెను కళ్ళారా చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. రక్తసంబంధీకులు పనికిరారు. పరిశీలనకు ఇరవై ఒక్క పనిదినాలు."

"కళ్ళారా చూడాలంటే కొయ్యాలి కదయ్యా!"

"కోతకు శస్త్రచికిత్సా విభాగం అనుమతి కావాలి. గుండె ఉన్నవారికి తక్షణం ఇస్తారు."

*

భ్రమరాంబగారు కిందికొచ్చేసరికి మంచం వార్డులో లేదు. గుండె లేని రోగి గుండె వార్డులో ఉండకూడదని కారిడార్లోకి తోసేశారు. ఎముకల వాళ్ళు, ఈయనకి ఎముకలు బాగానే ఉన్నాయని వాళ్ళ గుమ్మం దగ్గర ఆపేశారు. సాంబమూర్తిగారు రెండు విభాగాల మధ్య, మంచినీళ్ళ డ్రమ్ము పక్కన పడుకుని, వచ్చేపోయేవాళ్ళకి దారి చెప్తున్నారు.

"ఏమన్నాడే?"

"మీ గుండె కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరు కావాలట."

"ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశావు. ఒక్కసారైనా చూడలేదా?"

"చూపిస్తేగా! నాకు చూపించింది ఎప్పుడూ వీపే. పేపరు అడ్డం తీస్తే వీపు."

ఆయన నవ్వారు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. నుదుటి మీద చెమట ఒక్కసారిగా పొంగింది. "భ్రమరా" అన్నారు. ఆయన ఆవిడని పేరు పెట్టి పిలిచింది మూడోసారో నాలుగోసారో.

ఎస్తేరు పరుగెత్తుకొచ్చి నాలుక కింద మాత్ర పెట్టింది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి గానీ అంకెలో, ప్రార్థనో తెలియడం లేదు. ఐదు నిమిషాలకి నొప్పి సర్దుకుంది. ఫణీంద్ర వచ్చి ఈసీజీ కాగితం చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు.

"ఇంకెంత సేపు ఆగగలరు నాయనా?"

"ఆగకూడదమ్మా. పక్క ఊరి ఆస్పత్రికి తీసుకెళ్దామంటే గంటన్నర ప్రయాణం. ఆ కుదుపులకి నేను ఒప్పుకోను. ఆ తలుపు తెరుచుకుంటే నలభై నిమిషాల పని."

భ్రమరాంబగారు భర్త చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. ఆవిడ ఆయన ముందు ఎప్పుడూ ఏడవలేదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడ్చి ఆ పని అక్కడే పూర్తిచేసుకునేవారు. ఇప్పుడు ఉల్లిపాయ లేకుండానే కళ్ళు నిండిపోయాయి.

"ఎస్తేరమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎవరితోనైనా చెప్పు. ఈయన మా ఇంటికి గుండెకాయ తల్లీ! ఈయన లేకపోతే ఆ ఇల్లు ఇల్లే కాదు."

మంచినీళ్ళ డ్రమ్ము పైన, గోడ మీద, ఎవరూ చూడని చోట పచ్చదీపం మిణికింది.

"ధన్యవాదాలు. నమోదైంది."

"అయ్యో" అంది ఎస్తేరు. "కారిడార్లో కూడా పెట్టారని మర్చిపోయాను."

అరగంటలో నీలం దుస్తుల మనుషులు ఇద్దరొచ్చారు. ఇద్దరి మధ్యా ఐసు పెట్టె. పెట్టె మీద ఎర్రటి గుండె బొమ్మ.

"గుండెకాయ ఎక్కడండీ?" అన్నాడు ముందున్నతను.

"ఏ గుండెకాయ?" అంది ఎస్తేరు.

అతను కాగితం చదివాడు. "గుండెకాయ పేరు సాంబమూర్తి. ప్రస్తుతం ఉన్న చోటు, ఇల్లు. బరువు డెబ్బై రెండు కిలోలు." తలెత్తి సాంబమూర్తిగారిని పైనుంచి కిందిదాకా చూశాడు. పెట్టెను చూశాడు. మళ్ళీ సాంబమూర్తిగారిని చూశాడు. "ఈయనేనాండీ? మామూలుగా పావుకిలో, మహా అయితే అరకిలో ఉంటాయండి. ఇంత పెద్దది నా సర్వీసులో చూళ్ళేదు."

"మోకాళ్ళు మడిస్తే పడుతుందేమోరా" అన్నాడు రెండోవాడు.

"పడదు. పోనీ ఐసు ఆయన మీద పోసేద్దాం. చల్లగా ఉంచాలనే కదా రూలు."

"ముట్టుకున్నారంటే ఇద్దరినీ అదే పెట్టెలో పెట్టి మూతేస్తాను!" అన్నారు భ్రమరాంబగారు.

సరిగ్గా అప్పుడే ఆస్పత్రిలో ఉన్న చెవులన్నీ ఒక్కసారి మిణికాయి. అన్ని అంతస్తుల్లోనూ గంటలు మోగాయి. తేనెగొంతు ఇప్పుడు పెళ్ళి సన్నాయిలా ఉంది.

"శుభవార్త. గుండె లేని రోగికి గుండె దొరికింది. స్వీకర్త, సాంబమూర్తి. గుండె, సాంబమూర్తి. రక్తవర్గం సరిపోయింది. వయసు సరిపోయింది. బరువు సరిపోయింది. చిరునామా సరిపోయింది. సరిపోలిక వంద శాతం. అత్యవసర అనుమతి మంజూరు. అన్ని తలుపులూ తెరవబడుతున్నాయి."

కారిడార్ చివర క్యాత్ ల్యాబ్ తలుపు, రెండు గంటలుగా గుండె లేదు క్షమించండి అన్న తలుపు, సుస్‌మంటూ తెరుచుకుంది.

దక్షిణామూర్తిగారు మెట్ల మీంచి ఒక్కో అంగకీ రెండేసి మెట్లు దిగుతూ వచ్చారు. మొహం దీపావళిలా ఉంది. "వంద శాతం! అన్నదమ్ముల మధ్య కూడా తొంభై దాటదు! డాక్టర్‌గారూ, ఇది వ్యవస్థ సాధించిన సమన్వయం! గుండె లేని మనిషినీ, మనిషి లేని గుండెనూ ఒకే రోజున ఒకే కారిడార్లో కనుగొన్నది!"

ఫణీంద్ర ఆయన్ని చూశాడు. తెరిచిన తలుపుని చూశాడు. భ్రమరాంబగారి దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "అమ్మా, మీకు దండం పెడతాను. ఇంక ఒక్క మాట మాట్లాడకండి."

తర్వాత గట్టిగా, "మార్పిడికి తీసుకెళ్తున్నాం!" అని మంచాన్ని తనే తోసుకుంటూ పరిగెత్తాడు. వెనక ఎస్తేరు. ఆ వెనక ఐసు పెట్టె మనుషులు, వాళ్ళకి ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి.

తలుపు మూసుకుంది. భ్రమరాంబగారు చీర కొంగు నోట్లో కుక్కుకుని బయట బెంచీ మీద కూర్చున్నారు. దక్షిణామూర్తిగారు పక్కన కూర్చుని వ్యవస్థ రెండో దశ గురించి వివరించారు. రెండో దశలో నిట్టూర్పులు కూడా నమోదవుతాయట. ఆవిడ ఊపిరి బిగబట్టారు.

నలభై మూడు నిమిషాలకి ఫణీంద్ర బయటికొచ్చాడు. మాస్కు కిందికి లాగాడు. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, మూసుకున్న చోట స్టెంట్ విచ్చుకునేలా చేశాడు. రక్తం పారుతోంది. లాకు తలుపులెత్తినట్టుందని సాంబమూర్తిగారే లోపల తెర చూసి అన్నారట.

"బాగున్నారమ్మా" అన్నాడు ఫణీంద్ర.

"గుండె అతికిందా?" అడిగారు దక్షిణామూర్తిగారు.

"అతికినట్టే ఉందండి. అసలు ఊడినట్టే లేదు."

ఆ మాట వ్యవస్థలోకి యథాతథంగా వెళ్ళింది.

*

శనివారం పొద్దున్న డిశ్చార్జి. సాంబమూర్తిగారు చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని కూర్చున్నారు. మణికట్టు మీద చిన్న కట్టు తప్ప ఒంటి మీద ఇంకే గుర్తూ లేదు. కోత లేని గుండె మార్పిడి రాష్ట్రంలో ఇదే మొదటిదని కింద హాల్లో బ్యానరు కడుతున్నారు. కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది.

ఆస్పత్రి సూపరింటెండెంట్‌గారు, దక్షిణామూర్తిగారు కలిసి వచ్చారు. సూపరింటెండెంట్‌గారి చేతిలో పూలగుత్తి. దక్షిణామూర్తిగారి చేతిలో, మూడు కాళ్ళ స్టాండు మీద, ఒక చెవి.

"అమ్మా, తమకు రెండు విధాల అభినందనలు" అన్నారు దక్షిణామూర్తిగారు. "ఒక చిన్న లాంఛనం మిగిలింది. స్వీకర్త సాంబమూర్తిగారు క్షేమం. దాత సాంబమూర్తిగారి మరణం మాత్రం ఇంకా నమోదు కాలేదు."

"ఎవరి మరణం?"

"దాతగారిది. బతికున్న మనిషి గుండె తీశామంటే నేరం కిందికొస్తుంది. కనుక దాత భార్యగా తమరు 'ఔను, పోయారు' అని ఒక్క ముక్క దీని దగ్గర సెలవిస్తే, వ్యవస్థ సంతృప్తి చెందుతుంది."

"మరి గుండె తీసుకున్నాయన భార్యగా నేనేం చెయ్యాలి?"

"సంతోషించాలి. కార్యక్రమ క్రమంలో అది రెండోది." ఆయన కాస్త దగ్గి, నేల చూశారు. "ఒక మనవి. మొదటి ఫోటోకి మరీ ఇంత బొట్టు లేకుండా ఉంటే సందర్భోచితంగా ఉంటుంది. రెండో ఫోటోకి పెట్టుకోవచ్చు."

ఎస్తేరు మందుల ట్రే కింద పెట్టింది, చప్పుడొచ్చేలా.

"చెప్పెయ్యవే" అన్నారు సాంబమూర్తిగారు. "పోయిన నేను ఎలాగూ పోయాను. ఉన్న నన్ను ఇంటికి తీసుకెళ్ళు."

ఇంకో రోజైతే ఆవిడ నవ్వేవారు. ఇవాళ నవ్వలేదు.

"ఆ మాట అనను" అన్నారు.

సూపరింటెండెంట్‌గారు కంగారుపడ్డారు. కింద సభకి మంత్రిగారు పదకొండింటికి వస్తున్నారు. "పోనీ ఆ మాటే వద్దమ్మా. ఇంకేదైనా చెప్పండి. తమ మాటలకి లోటేముంది! ఏదో ఒకటి అనండి, మావాడు అందులోంచి కావలసింది తీసుకుంటాడు."

స్టాండు మీద పచ్చదీపం ఆశగా వెలుగుతోంది. భ్రమరాంబగారి గొంతులోకి మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మీ తలలు పండ అని ఒకటి, మీ కడుపులు కాలా అని ఒకటి, మీ నోళ్ళు పడా అని ఒకటి. ఒక్కొక్కటే నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కొక్కదాన్నే వెనక్కి మింగారు. తలలు, కడుపులు, నోళ్ళు. అన్నింటికీ ఈ ఆస్పత్రిలో విభాగాలున్నాయి.

ఆవిడ లేచి నిలబడ్డారు. చెవి దగ్గరికొచ్చి వంగారు. చిన్నపిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పుడు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"ఈయన నా భర్త. బతికే ఉన్నారు. నేను ఇంటికి తీసుకెళ్తున్నాను."

పచ్చదీపం మిణికింది. మళ్ళీ మిణికింది. ఎర్రబడింది, పచ్చబడింది. అంత సేపు ఆలోచించడం దాని చరిత్రలో లేదు.

"అర్థం కాలేదు. దయచేసి అవయవం పేరు చెప్పండి."

భ్రమరాంబగారు ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో భర్త చెయ్యి పట్టుకున్నారు. ఎస్తేరు గుమ్మంలోంచి పక్కకి జరిగి దారిచ్చింది. నెమ్మదిగా, ఆయన అడుగుకి ఆవిడ అడుగు కలుపుతూ, లిఫ్టువైపు నడిచారు.

వెనకనుంచి ఆ గొంతు అడుగుతూనే ఉంది. సూపరింటెండెంట్‌గారు గొంతు తగ్గించి, "'భర్త' ఏ విభాగం కిందికొస్తుందయ్యా?" అనడం వినిపించింది.

"చూడాలండి" అన్నారు దక్షిణామూర్తిగారు.